అరికాలికి నూనె చాలు, అవయవాల పటం అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాదాల మర్దన గురించీ, రిఫ్లెక్సాలజీ (పాదంలో ఒక్కో చోట నొక్కి ఒక్కో అవయవం జబ్బు తగ్గిస్తామనే పద్ధతి) గురించీ వచ్చిన అర పేజీ వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. ఖర్చేమీ లేకుండా ఇంట్లోనే రోజూ పావుగంట సేపు పాదాలు మర్దన చేసుకుంటే ఒంటి బడలిక తీరి నిద్ర బాగా పడుతుందని రాసిన భాగం నాకు ఎంతో నచ్చింది. కానీ దాని పక్కనే అచ్చువేసిన రంగుల పటంలో బొటనవేలి మీద మెదడును, వేళ్ల మొదళ్ల కింద ఊపిరితిత్తులను, పాదం నడిమి వంపులో క్లోమాన్ని, మూత్రపిండాలను గుర్తించి, ఏ చోట నొక్కితే ఏ అవయవం జబ్బు నయమవుతుందో బాణం గుర్తులతో చూపించారు. అది చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. రోజూ రాత్రి పాదాలకు నూనె రాసే అలవాటున్న చేనేత ఇంట్లో పుట్టి పెరిగాను. మర్దన వల్ల కలిగే మేలునూ, ఆ పటం వల్ల జరిగిన కీడునూ దగ్గరగా చూసినదాన్ని కనుక, ఈ రెంటినీ వేరుచేసి మీ పాఠకులకు చెప్పమని కోరుతున్నాను.

మాది మంగళగిరి. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా కుడి ఎడమ పాదాలతో మార్చి మార్చి కర్రలు తొక్కుతూనే ఉండాలి. చేయి ఆగినా కాలు ఆగదు. రాత్రి భోజనాలయ్యాక అమ్మ ఇత్తడి గిన్నెలో రెండు చెంచాల నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చేది. వేసవిలో ఒంటికి వేడి చేసిందంటే నువ్వుల నూనె బదులు ఆముదం తెచ్చేది. నాన్న మంచం మీద వాలితే, అమ్మ ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, మడమ దగ్గర మొదలుపెట్టి బొటనవేలితో అదుముతూ వేళ్ల దాకా వెళ్లి, ఒక్కొక్క వేలినీ సుతారంగా లాగి, మళ్లీ మడమకు వచ్చేది. రెండో పాదం పూర్తి కాకముందే, నూలు ధర గురించి చెబుతున్న మాట మధ్యలోనే, నాన్నకు నిద్ర పట్టేసేది. ఆ ఇంట్లో ఎవరికీ అరికాలిలో కాలేయం ఉంటుందని తెలియదు. కాళ్లు పీకుతున్నాయి కనుక ఒత్తాలి, ఒత్తితే హాయిగా ఉంటుంది అన్నంత వరకే వారి శాస్త్రం.

మీ వ్యాసంలో రిఫ్లెక్సాలజీని వేల ఏళ్ల నాటి విద్యగా రాశారు. ఈజిప్టులోని సక్కారా వద్ద ఒక సమాధి గోడ మీద ఇతరుల చేతులూ పాదాలూ పట్టుకుని కూర్చున్న మనుషుల బొమ్మ ఉన్న మాట నిజమే కానీ, పాదాలు పట్టడం ఎంత పాతదో ఆ బొమ్మ చెబుతుందే తప్ప అవయవాల పటం ఎంత పాతదో చెప్పదు. మీరు అచ్చువేసిన లాంటి పటానికి వయసు వందేళ్లకు అటూ ఇటూ. అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరాన్ని తల నుంచి కాలివేళ్ల దాకా పది నిలువు పట్టీలుగా విభజించి, ఒక పట్టీలో ఒక చోట నొక్కితే అదే పట్టీలోని మరో చోట నొప్పి తగ్గుతుందని చెబుతూ 1917లో మరొకరితో కలిసి పుస్తకం వేశారు. ఆ తర్వాత 1930లలో అదే దేశానికి చెందిన యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు ఆ పట్టీలను పాదాలకు అన్వయించి, ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క చోటు కేటాయించారు. వారి ఉద్దేశాలను నేను శంకించడం లేదు. కానీ అరికాలిలోని ఫలానా బిందువుకూ క్లోమానికీ మధ్య అలాంటి ప్రత్యేకమైన దారి ఉన్నట్టు శరీర నిర్మాణ శాస్త్రంలో ఎక్కడా తేలలేదు. ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే ఆచార్యుడు రిఫ్లెక్సాలజీ మీద అప్పటిదాకా జరిగిన 18 క్లినికల్ పరీక్షలను పరిశీలించి, ఏ జబ్బుకైనా అది పనిచేస్తుందని నమ్మదగిన రుజువు లేదని 2009లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ప్రకటించారు.

మన ఆయుర్వేద గ్రంథాల్లో పాదాల అభ్యంగనం గురించి ఉన్నది ఇంతకంటే వినయంగా ఉంది. వాగ్భటుడు అష్టాంగ హృదయంలోని దినచర్యాధ్యాయంలో రోజూ ఒంటికి నూనె రాసుకోవాలనీ, తలకూ చెవులకూ పాదాలకూ మరింత శ్రద్ధగా రాసుకోవాలనీ చెప్పాడు. చరక సంహిత అయితే పాదాలకు నూనె రాస్తే వాటి కరుకుదనం, బిగుసుకుపోవడం, పొడిబారడం, అలసట, తిమ్మిరి తగ్గుతాయని చెబుతుంది. కంటిచూపుకు కూడా మేలని అక్కడ ఉన్న మాటను నేను సమర్థించబోను. మిగతా వరుస మాత్రం ఏ ఇంట్లోనైనా అనుభవానికి వచ్చేదే. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు, వాటిని కట్టి ఉంచే స్నాయువులు, అరికాలి కింద పొరలు పొరలుగా కండరాలు ఉన్నాయి. రోజంతా ఒంటి బరువు మోసే ఆ కండరాలు రాత్రికి బిగుసుకుని ఉంటే, వెచ్చని చేయి నెమ్మదిగా అదిమినప్పుడు సడలుతాయి. ఊపిరి నిదానిస్తుంది, మనసులోని ఆందోళన కొంత దిగుతుంది. ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా, వృద్ధుల్లో నిద్ర విషయంలోనూ పాదాల మర్దన మీద జరిగిన చిన్న చిన్న పరిశీలనల్లో చాలావాటిలో ఇలాంటి ఊరటే కనిపించింది. నేనూ రాత్రి డ్యూటీలో నిద్రపట్టక మూలిగే ముసలివాళ్ల పాదాలను, అభ్యంతరమేమీ లేదని డాక్టరు చెప్పినప్పుడు, పది నిమిషాలు ఒత్తి కూర్చునేదాన్ని. జబ్బు తగ్గకపోయినా రాత్రి గడిచేది, ఆ స్థితిలో ఉన్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఇక ఆ పటం గురించి నాకు ఇంత బాధ ఎందుకో చెప్పాలి. మా బాబాయికి 17 ఏళ్లుగా షుగర్ ఉండేది. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా ఆయనకు తెలిసేది కాదు. వెనక్కి తిరిగి చూసుకుని మళ్లీ తొడుక్కునేవారు. పాదాల నరాలు దెబ్బతిన్నాయనడానికి అంతకంటే తేలికగా కనిపించే గుర్తు లేదు, కానీ ఇంట్లో అందరూ దాన్ని వయసు మీదపడటం వల్ల వచ్చిన అశ్రద్ధ అనుకున్నారు. ఎవరో చెప్పగా ఆయన ఒక రిఫ్లెక్సాలజీ కేంద్రానికి వెళ్లారు. పది సిట్టింగులకు డబ్బు కట్టించుకుని, ఒక పటమూ, మొన మొద్దుగా ఉన్న ఒక చెక్క పుల్లా చేతికిచ్చి, అరికాలి వంపులో, ఇన్సులిన్ తయారుచేసే క్లోమానిదని పటంలో గుర్తించిన చోట పొద్దునా సాయంత్రం వందేసి సార్లు, నొప్పి తెలిసేదాకా నొక్కమన్నారు. ఆయనకు నొప్పి తెలిసే అవకాశమే లేదు. తెలియడం లేదు కనుక ఇంకా గట్టిగా నొక్కారు. కొద్ది రోజులకు నీరసం తగ్గినట్టు అనిపించి, రోజూ వేసుకునే మాత్రలను ఎవరినీ అడగకుండా సగానికి తగ్గించేశారు.

మూడో వారంలో ఒకరోజు పిన్ని ఇల్లు తుడుస్తూ, గచ్చు మీద బాబాయి నడిచిన దారిన ఒక కాలి అడుగు తడిగా పడి ఉండటం చూసి, ఆయన కాలు పైకెత్తి చూసింది. అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు, దాని చుట్టూ ఎర్రగా వాపు. అప్పటికే చీము లోపలికి పాకింది. నేను ఆ రోజుల్లో వేరే జిల్లాలో పనిచేస్తున్నాను, నాకు కబురు అందేసరికి ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. ఎముక దాకా చీము పట్టడంతో ఆ పాదం ముందు భాగాన్ని తీసేయవలసి వచ్చింది. ఆయన ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికారు, కానీ ఒంటరిగా గడప దాటింది లేదు. ఎన్నో పుండ్లు కడిగి కట్లు కట్టిన నేను, పండగకు వెళ్లినప్పుడు ఒక్కసారైనా ఆయన అరికాలు చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇది ఒక్క మా ఇంటి సంగతి అనుకుంటే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసి మీ సమయం తీసుకునేదాన్ని కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి, 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. వారిలో ఎందరికో పాదాల్లో స్పర్శ తగ్గుతూ వస్తుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, సూదులతో పొడిచినట్టుండటం మొదలై, చివరికి ఏమీ తెలియని స్థితి వస్తుంది. పాదాల మర్దన గురించి రాసిన వ్యాసాన్ని ఆశగా కత్తిరించి దాచుకునేది ఎక్కువగా ఈ మంటలు, తిమ్మిర్లు ఉన్నవారే. మీ అర పేజీలో వారికి ఒక్క వాక్యం కూడా హెచ్చరిక లేకపోవడం నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది.

ఆ పటం వల్ల జరిగే మరో అన్యాయం, లేని జబ్బు భయం పెట్టడం. నొక్కినచోట నొప్పి పుడితే ఆ చోటికి రాసిపెట్టిన అవయవంలో లోపం ఉన్నట్టని ఆ కేంద్రాల్లో చెబుతారు. మా వీధిలో ఒక టీచరమ్మకు పొద్దున మంచం దిగి మొదటి అడుగులు వేసేటప్పుడు మడమలో పోటు వచ్చేది. మడమ దగ్గర నొక్కి, పొత్తికడుపులో ఏదో ఉందని చెప్పి పంపారు. ఆమె నెల రోజులు నిద్ర లేకుండా, అడిగిన స్కానింగులన్నీ చేయించుకుంది. చివరికి తేలింది ఏమిటంటే, మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగి ఉండే గట్టి పొర వాచింది, అంతే. దానికి ఫిజియోథెరపిస్టులు నేర్పే పద్ధతి చాలా సులభం: మంచం దిగకముందే, కాలిని మరో మోకాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో పట్టుకుని పిక్కకు ముందున్న ఎముక వైపు వంచి, పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలడం, అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఆమెకు కొన్ని వారాల్లో గుణం కనిపించింది.

పద్ధతి గురించి మీ వ్యాసం పైపైన చెప్పి వదిలేసింది కనుక, నేను చేసేదీ మా కాలనీలో నేర్పేదీ రాస్తున్నాను. ముందుగా వెలుతురులో రెండు పాదాలనూ చూడాలి. అరికాలు, మడమల పగుళ్లు, వేళ్ల సందులు, గోళ్ల పక్కలు, అన్నీ చూడాలి. ఎవరి పాదం వారికి కనిపించకపోతే కింద అద్దం పెట్టుకోవచ్చు. పుండు గానీ, బొబ్బ గానీ, వేళ్ల సందుల్లో ఒరుపు గానీ ఉంటే ఆ పూటకు మర్దన లేదు, వైద్యం చూసుకోవాలి. ఏమీ లేకపోతే గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు పాదాలు ఉంచి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి. నీళ్ల వేడిని మోచేతితో చూసుకోవాలి. షుగర్ ఉన్నవారు మాత్రం కాళ్లను నీళ్లలో నానబెట్టకపోవడమే మంచిది, మామూలుగా కడిగి తుడుచుకుంటే చాలు. ఒత్తేవారు గోళ్లు తీసుకుని, ఉంగరాలు తీసి పక్కన పెట్టి, ఒళ్లో పాత తువ్వాలు పరచుకుని, చెంచాడు నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ అరచేతుల్లో వేసుకుని చేతులు వెచ్చబడేదాకా రుద్దుకోవాలి. తర్వాత వెంటనే నొక్కడం మొదలుపెట్టకుండా, పాదాన్ని రెండు అరచేతుల మధ్య నాలుగైదు ఊపిర్ల సేపు ఊరికే పట్టుకుని ఉండాలి. ఇది మా అమ్మ అలవాటు. ఎందుకో అప్పట్లో నాకు తెలిసేది కాదు గానీ, అవతలి మనిషి కాలు బిగబట్టడం మానేది అప్పుడేనని వార్డులో తెలిసింది.

ఆ తర్వాత వేళ్ల నుంచి చీలమండ దాకా అరచేత్తో పొడవుగా పదిసార్లు నిమరాలి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా బొటనవేలితో కొద్దికొద్దిగా అదుముతూ, మొదట బయటి అంచున, తర్వాత నడిమిన, తర్వాత లోపలి వంపున మూడు వరుసలుగా వెళ్లాలి. ఒక్కొక్క వేలినీ మొదట్లో పట్టుకుని గుండ్రంగా తిప్పి మెల్లగా లాగాలి. మెటిక విరిగి చప్పుడు రావాలన్న పట్టుదల అక్కర్లేదు. చీలమండను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి, చివరగా పిక్కను కింది నుంచి పైకి తేలికగా నిమరాలి. ఎంత గట్టిగా ఒత్తాలన్నది అవతలివారి ముఖం చూస్తే తెలుస్తుంది. నుదురు ముడతపడినా, ఊపిరి బిగబట్టినా ఒత్తిడి ఎక్కువైనట్టే. ఒక్కో పాదానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. ఒంటరిగా ఉండేవారు కుర్చీలో కూర్చుని అరికాలి కింద టెన్నిస్ బంతి గానీ చపాతీ కర్ర గానీ పెట్టి ముందుకూ వెనక్కూ దొర్లించుకోవచ్చు. నిలబడి ఆ పని చేయకూడదు. పూర్తయ్యాక మిగిలిన నూనెను గుడ్డతో తుడవకుండా మంచం దిగకూడదు. నూనె కాళ్లతో బాత్‌రూంకు వెళ్లి జారిపడి, తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్లను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను.

పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బొటనవేలితో అదమడం మాని, అరచేత్తో నిమురుతూ నూనె రాస్తే చాలు, వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు. వారికి ఆ నిమరడం కంటే దానికి ముందు చూసే చూపు వల్లే ఎక్కువ మేలు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే ఎంతమాత్రం ఒత్తకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్ తర్వాత మంచాన ఉన్నవారికీ, దూర ప్రయాణం చేసి వచ్చినవారికీ ఇలాంటి వాపు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గిపోతున్నా, పాదాలు చల్లగా, పాలిపోయి ఉన్నా రక్తనాళాలను పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులూ, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారూ డాక్టరును అడిగి మొదలుపెట్టడం మంచిది. ఉబ్బి బయటికి కనిపించే సిరల మీద ఒత్తకూడదు.

కాళ్లు ఒత్తడం అనగానే కొత్త కోడలు అత్తగారి కాళ్లు పట్టడమే గుర్తొచ్చే తరం మాది. అలా వంతులు వేసి, మాటలు పడుతూ చేయించుకున్న ఒత్తుడులో ఎవరికీ హాయి ఉండదు. నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజుల్లో మా వారు నా కాళ్లు ఒత్తేవారు. చూసిన చుట్టాలు నొసలు చిట్లించినా ఆయన మానలేదు. రోజంతా నిలబడి పనిచేసేవారు ఆడవాళ్లయినా మగవాళ్లయినా వారి కాళ్లు ఒకేలా పీకుతాయి. బట్టల దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకు కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించాయి. ఇంట్లో నూనె గిన్నె ఎంత అవసరమో, మన ఊళ్లలోని దుకాణాల్లో గల్లా వెనుక ఒక స్టూలు అంతే అవసరమని ఈ సందర్భంలో యజమానులకు మనవి చేస్తున్నాను.

మీ వ్యాసం కిందే పాదాలకు కంపనం పుట్టించే ఒక యంత్రం ప్రకటన కూడా ఉంది. షుగర్, బీపీ, కీళ్లవాతం, పక్షవాతం అన్నీ తగ్గుతాయని అందులో రాశారు. జబ్బులను నయం చేస్తామని చెప్పే అభ్యంతరకర ప్రకటనల మీద 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది; ప్రకటించకూడని జబ్బుల పట్టికలో మధుమేహం, రక్తపోటు, పక్షవాతం ఉన్నాయి. ఆ యంత్రం ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అన్నది న్యాయ నిపుణులు చెప్పవలసిన మాట. కానీ ప్రకటన తీసుకునే ముందు మీ ప్రకటనల విభాగం ఆ పట్టిక ఒకసారి చూడాలని కోరడం పాఠకురాలిగా నా హక్కు అనుకుంటున్నాను. మా బాబాయి కూడా పత్రికలో వచ్చిందంటే నిజమే అయి ఉంటుందని నమ్మిన మనిషి.

వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే చోట, అవయవాల పటం లేకుండా పాదాల మర్దన పద్ధతినీ, ఎవరు చేయకూడదో ఆ హెచ్చరికలనూ పెద్ద అక్షరాల్లో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పైన రాసిన దానిలో మీకు పనికొచ్చినంత నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, ముందుగా ఒక ఎముకల వైద్యుడికీ, ఒక మధుమేహ వైద్యుడికీ చూపించి వేస్తే నాకు మరింత తృప్తి. అలాగే 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు చేయడానికి ఇళ్లకు వచ్చే ఆరోగ్య సిబ్బంది, షుగర్ ఉందని తెలిసినవారి చెప్పులు విప్పించి అరికాళ్లు కూడా చూసేలా రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దానికి పట్టేది ఒక్క నిమిషం.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
మంగళగిరి.